వెనిస్‌లో మోటుపల్లి

ముందు ఈ జీడిపప్పు నాలుగు పలుకులు నోట్లో వేసుకోండి. మా వేటపాలెం పప్పే. 2024 మే నెలలో ఇదే పప్పు రెండు కిలోలు కట్టించుకుని మధ్యధరా సముద్రంలో వారం రోజులు తిరిగొచ్చాం. ఆ ఏడు రోజులూ చెప్పుకుంటూ పోతే మీకు అన్నాల వేళ దాటిపోతుంది. అందుకని ఒక్క రోజు సంగతే చెబుతాను. పగలంతా ఒడ్డు మీద, రాత్రి ఓడలో గడిచిన రోజు. ఆ రోజు కళ్ళతో చూసింది వెనిస్ నగరం. మనసులో తిరిగింది మాత్రం మన చినగంజాం దాపున ఇసుకలో ఉన్న మోటుపల్లి. ఎందుకో వినండి.

మేం ఆరుగురం. మగవాళ్ళం ముగ్గురం వేటపాలెం బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. నేను పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రెండోవాడు మా చెల్లెల్ని చేసుకున్న బావ, జీడిపప్పు వ్యాపారం. మూడోవాణ్ణి బళ్ళో ఉన్నప్పటినుంచీ పెద్దోడు అంటాం. నేతపని ఇల్లు వాళ్ళది, ఇప్పటికీ వాళ్ళింట్లో నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి, కుప్పడం చీరలు నేస్తారు. మా ఆవిడ, మా చెల్లి, పెద్దోడి ఇంటావిడ మిగిలిన ముగ్గురు. మే 13న ఓట్లు వేసి, వేలి మీద సిరాచుక్కతోనే బయల్దేరాం. ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవులో ఓడ ఎక్కేటప్పుడు అక్కడి అధికారి ఒకాయన మా వేళ్ళు చూసి ఇదేమిటని అడిగాడు కూడా. ఓటు అని చెబితే నవ్వి, చెయ్యి కలిపాడు.

ఆ శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకే నాకు మెలకువ వచ్చింది. పైమేడ మీదికి వెళితే పెద్దోడు అప్పటికే కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏడ్రియాటిక్ అంటారు ఆ పాయని. చెరువులా ఉంది. మా వాడరేవు దగ్గర, రామాపురం దగ్గర పుట్టి పెరిగిన చెవులకి అలల హోరు లేని సముద్రం కొంచెం బెంగగా ఉంటుంది. ఎవరో మాట్లాడ్డం మానేసినట్టుంటుంది. మధ్యధరాలో పోటూ పాటూ చాలా తక్కువ. చుట్టూ నేల, బయటికి పోవడానికి జిబ్రాల్టర్ దగ్గర సన్నటి సందు, అంతే. మన బంగాళాఖాతానికి అలాంటి ప్రాకారాలేవీ లేవు.

“ఒరేయ్ పంతులూ, చీరాల-పేరాల గోపాలకృష్ణయ్య గారు కూడా ఈ నీళ్ళ మీదుగానే వెళ్ళి ఉంటారు కదరా?” అన్నాడు పెద్దోడు. వెళ్ళారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి. ఆ రోజుల్లో సూయజ్ కాలువ దాటి ఈ సముద్రం మీదుగానే పోవాలి. అంత చదువు చదివొచ్చిన ఆయన 1921లో, మునిసిపాలిటీ పన్నులు కట్టబోమన్న మా పక్కూరి జనాన్ని ఇళ్ళు వాకిళ్ళు వదిలించి, మునిసిపాలిటీ పొలిమేర బయట రామనగర్ కట్టించి, పదకొండు నెలలు పాకల్లో నిలబెట్టాడు. మా తాతలు ఆ పాకలకు బియ్యం మోసిన కథలు చెప్పేవాళ్ళు. పరాయి నీళ్ళ మీద తెల్లారుతుంటే సొంతవూరి మాటలు తియ్యగా ఉంటాయండీ. చాలాసేపు అవే చెప్పుకున్నాం.

ఇంతలో చిన్న పడవ ఒకటి మా ఓడ పక్కకు వచ్చి, ఒక మనిషి తాడు నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కాడు. రేవులోకి ఓడని నడిపించే పైలట్. ఎంత పెద్ద ఓడకైనా, ఎంత అనుభవమున్న కెప్టెన్‌కైనా ఆ ఊరి నీళ్ళు తెలిసిన స్థానికుడు కావాలి. పెద్ద ఓడలు ఒకప్పుడు వెనిస్ నడిబొడ్డునుంచే, సెయింట్ మార్క్ చౌకు ముందునుంచే పోయేవట. 2021 ఆగస్టు నుంచి పాతిక వేల టన్నులు మించినవాటిని అటు రానివ్వడం లేదు. అందుకని మా ఓడ మలమొక్కో అనే ముఖద్వారంలోంచి లోపలికి వచ్చి, మార్ఘేరా అనే ఫ్యాక్టరీల రేవులో ఆగింది.

ఆ ముఖద్వారం దాటేటప్పుడు మైకులో చెప్పారు, మా కాళ్ళ కింద నీటి అడుగున ఇనుప తలుపులు పడుకుని ఉన్నాయని. మూడు ముఖద్వారాల్లో కలిపి 78. సముద్రం పొంగితే వాటిలోకి గాలి నింపుతారు. లేచి నిలబడి నీటిని అడ్డుకుంటాయి. 2020 అక్టోబరులో మొదటిసారి నిజమైన పొంగుకి లేపారు. అంతకు ముందు ఏడాది నవంబరు 12న సముద్రం పోటు 187 సెంటీమీటర్ల ఎత్తుకు లేచి, నీరు ఊళ్ళోకి వచ్చి గుళ్ళూ కొట్లూ ముంచేసింది. నవంబరు అనగానే మా ముగ్గురి మొహాలూ ఒకలాగే అయ్యాయి. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. మాకు పదిహేడేళ్ళు. ఆ రాత్రి గాలికి మా ఇంటి కప్పు ఎగిరిపోతే గోడ వారన ముడుచుకుని కూర్చున్నాం. తెల్లారాక దివి వైపునుంచి వచ్చిన కబుర్లు, వారం తరవాత మా బడి పిల్లలం మూటలు కట్టిన బట్టలు... ఇక వద్దులెండి. సముద్రం వచ్చాక ఏం చేయాలో మనకు బాగానే తెలుసు. రాకముందు ఏం చేయవచ్చో వాళ్ళు డబ్బు పోసి, ఏళ్ళు పోసి కట్టి చూపించారు. నాకు అది గొప్పగా అనిపించింది.

రేవునుంచి బస్సులో ఊరి మొదటికి, అక్కణ్ణుంచి నీటి బస్సు. ఆ ఏడాదే కొత్తగా పెట్టారు, కొన్ని రోజుల్లో పగటి పూట చూడ్డానికి వచ్చేవాళ్ళు మనిషికి ఐదు యూరోలు కట్టాలని. మా శనివారం అలాంటి రోజు. కట్టాం. ఆ ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళకంటే చూసిపోయేవాళ్ళే ఎక్కువైపోయారు మరి.

ఆడవాళ్ళు ముందు చేపల బజారుకే పోదామన్నారు. రియాల్టో వంతెన దగ్గర స్తంభాల పందిరి కింద ఉంది అది. ఏ ఊరు వెళ్ళినా చేపల బజారు చూస్తే ఆ ఊరి వంటిల్లు చూసినట్టే. రొయ్యలు, పీతలు, నల్లటి సిరా కక్కుతున్న మెత్తటి జీవాలు, మన కవళ్ళలాంటి చిన్న చేపలు మంచుగడ్డల మీద పరిచి ఉన్నాయి. మా చెల్లి ఒక చేప మొప్ప ఎత్తి చూడబోతే కొట్టువాడు తనే ఎత్తి చూపించాడు. భాష అక్కర్లేదు ఆ పనికి.

అక్కడ గోడకి ఒక పాలరాతి పలక ఉంది. దాని మీద చేపల పేర్లు, ఒక్కో పేరుకి ఎదురుగా సెంటీమీటర్ల లెక్క. ఆ పొడుగుకి తగ్గిన పిల్లచేపని అమ్మకూడదని చట్టం. కాగితం మీద రాస్తే చిరిగిపోతుంది, రాతి మీద చెక్కి బేరం జరిగేచోటే పెట్టారు. మా బావ దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. మన దగ్గరా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతాం కదా. మేం ఆ పలక ముందు నిలబడ్డ రోజున వాడరేవులో బోట్లన్నీ ఒడ్డుకెక్కి ఉన్నాయి, జాలరివాళ్ళు వలలు అల్లుకుంటున్నారు. చేపకి పెరగడానికీ, గుడ్లు పెట్టడానికీ వ్యవధి ఇవ్వాలన్న బుద్ధి ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మన వాడరేవు సంతలో కూడా ఇలాంటి రాయి ఒకటి, తెలుగు పేర్లతో నిలబెడితే ఎంత బాగుంటుంది! వంజరం, చందువ, మాగ అని చెక్కి, పక్కన కొలత.

రియాల్టోనుంచి సందుల్లో పడ్డాం. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులు. ఒక మలుపు తిరగ్గానే చిన్న ముంగిలి, మధ్యలో రాతి ఒరతో బావి, పైన ఇనుప మూత. ఇలాంటివి ఆ ఊళ్ళో వందల్లో ఉన్నాయి. నేను ఆ ఒర మీద కూర్చుని, పక్కనున్న చిన్న పుస్తకాల కొట్టాయన్ని, నాకొచ్చిన ఇంగ్లీషులో, ఆయనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను: చుట్టూ ఉప్పు నీరు కదా, బావిలో తియ్యటి నీరెలా? ఆయన కొట్టు వదిలేసి వచ్చి చెప్పాడు. అది ఊట బావి కాదు. ముంగిలి మొత్తం తవ్వి, బంకమట్టితో గోడలూ అడుగూ మెత్తి, దాన్నిండా ఇసుక పోస్తారు. మధ్యలో ఇటుక బావి. వాన పడితే రాతి పలకల మధ్య కన్నాల్లోంచి నీరు దిగి, ఇసుకలో వడకట్టుకుని బావిలోకి చేరుతుంది. 1884లో గొట్టాల నీళ్ళు వచ్చేదాకా ఆ ఊరు తాగింది అదే.

నాకు ఒళ్ళు పులకరించింది. మా దొరువులే కదండీ అవి! బాపట్లనుంచి చినగంజాం దాకా సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో ఒకప్పుడు ఎక్కడ తవ్వినా తియ్యటి నీరే. మనిషి నడుం లోతుకి గుంట తీస్తే చాలు, ఊరేది. వాన నీరు ఇసుకలో ఇంకి, కిందున్న ఉప్పు నీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. మా మేనమామలు ఆ దొరువుల్లోంచి కడవలు ముంచి, రెండు చేతులా పట్టుకుని, నారుమడికి వాన చిలకరించినట్టు పోసేవాళ్ళు. కడవల లెక్కన తోడినన్నాళ్ళూ తియ్యదనం పోలేదు. మోటార్లు పెట్టి లాగడం, పక్కనే రొయ్యల చెరువులు రావడం మొదలయ్యాక చాలా చోట్ల కింది ఉప్పు పైకి వచ్చింది. వెనిస్ వాళ్ళు బంకమట్టి మెత్తి, ఇసుక మోసుకొచ్చి చేసుకున్నదాన్ని మనకు భూమే చేసి ఇచ్చింది. ఆ పుస్తకాల ఆయనకు ఇదంతా చెప్పేటంత ఇంగ్లీషు నాకు రాలేదు. మా ఆవిడ ఆయన చేతిలో గుప్పెడు జీడిపప్పు పోసింది.

ఆయనే దారి చూపించాడు, మార్కో పోలో ఇంటికి. మిలియన్ వాకిలి అంటారు ఆ చోటుని, పోలో పుస్తకానికీ ఇటలీలో అదే పేరు. పాత ఇల్లు లేదు, కాలిపోయింది. ఆ స్థలంలో నాటకశాల ఉంది. వెనకవైపు వాకిట్లో పాతకాలపు రాతి తోరణం, గోడకు ఒక ఫలకం. అంతకంటే ఏమీ లేదు. నేను మాత్రం చెప్పులు విప్పి నిలబడ్డాను.

ఎందుకంటారా? నాకు పద్నాలుగో ఏట మా సారస్వత నికేతనంలో దొరికాడు ఆ మనిషి. మీకు తెలుసుగా, మా ఊరి గ్రంథాలయం. 1918లో పుట్టింది. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి పాత సంచికలు బైండు చేసి దాచిన బీరువాల మధ్య వేసవి సెలవులు గడిపినవాళ్ళం మేం. అక్కడ ఒక పాత వ్యాసంలో చదివాను: ఇటలీ దేశపు యాత్రికుడు మార్కో పోలో మన మోటుపల్లి పేరు ‘ముత్ఫిలి’ అని రాశాడని. మర్నాడే ముగ్గురం రెండు సైకిళ్ళ మీద మోటుపల్లి వెళ్ళాం. ఉప్పు కొటార్లు దాటి, సరుగుడు తోటల్లో సైకిళ్ళు తోసుకుంటూ.

పోలో 1271లో పదిహేడేళ్ళ వాడిగా వెనిస్‌నుంచి బయల్దేరి, 24 ఏళ్ళకు, 1295లో తిరిగొచ్చాడు. తరవాత జెనోవా వాళ్ళ చెరలో పడి, సాటి ఖైదీ రుస్టికెల్లోకి చెబితే 1298లో పుస్తకమైంది. అందులో ముత్ఫిలి రాజ్యం గురించి మూడు సంగతులున్నాయి. అక్కడ ఒక రాణి ఎంతో న్యాయంగా ఏలుతోందని. కొండ లోయల్లో వజ్రాలు దొరుకుతాయని. ఇక లోకంలో ఎక్కడా లేనంత సన్నని బట్ట అక్కడ నేస్తారని, అది సాలెగూడులా ఉంటుందని, దాన్ని కట్టడానికి ఇష్టపడని రాజూ రాణీ ఉండరని.

ఆ రాణి రుద్రమదేవి. పోలో ఆమెను రాజుగారి విధవ అన్నాడు. అది పొరపాటు, ఆమె గణపతిదేవుడి కూతురు. తండ్రి సింహాసనం కూతురికి ఇవ్వడం దూరదేశపు నావికులకు నమ్మశక్యం కాని సంగతి అయివుంటుంది, భార్యే అనుకుని ఉంటారు. పోలో మోటుపల్లిలో స్వయంగా దిగాడా, దారిలో విన్నాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ వాదంతో పని లేదు. దిగినా విన్నా, మన రేవు పేరు ఈ వాకిటి దాకా వచ్చింది.

సాలెగూడు మాట చెప్పగానే పెద్దోడు ఆ తోరణం కింద మెట్టు మీద కూర్చుండిపోయాడు. మన భాష చూడండి. సాలీడు అన్నా, సాలె అన్నా ఒకే మూలం. గూడు అల్లే పురుగునీ, బట్ట నేసే మనిషినీ మనవాళ్ళు ఒక్క పేరుతో పిలిచారు. వెనిస్ వాడికి కూడా అదే పోలిక తట్టింది. “మా తాత నూట ఇరవై నంబరు నూలు నేసేవాడురా, ఇప్పుడు అడిగేవాడు లేక మానేశాం” అన్నాడు వాడు. చీరాలలో నూనెలో నానబెట్టిన నూలుతో తేలియా రుమాళ్ళు నేసి అరబ్బు దేశాలకు పంపిన కాలం మా పెద్దవాళ్ళు చూశారు. ఏడెన్ రేవు పేరు మా నేతగాళ్ళ ఇళ్ళల్లో పక్కూరి పేరులా వినిపించేది. నాలుగు మగ్గాలు ఇంకా ఆడించే వాడికి ఆ మెట్టు మీద కళ్ళు చెమ్మగిల్లడం సహజం. వాడి భార్య ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుంది.

ఆ ఏడాది పోలో పోయి 700 ఏళ్ళు. వెనిస్‌ని ఏలిన దొరల మహల్లో ఆయన పేరున ప్రదర్శన పెట్టారు, చూశాం. పెద్ద పెద్ద గోళాలు, గోడ నిండా దేశపటాలు ఉన్న ఒక గది ఉంది అక్కడ. జనం తోసుకుంటున్నారు, నిలబడనివ్వలేదు. దాని గురించి ఎక్కువ చెప్పను.

చెప్పవలసింది ఆ తరవాత చూసిన చోటు. పెద్ద కాలువ సముద్రంలో కలిసే కొస మీద ముక్కోణపు కట్టడం ఉంది. శిఖరాన బంగారు గోళం, గోళం మీద గాలికి తిరిగే అదృష్టదేవత బొమ్మ. అది వాళ్ళ పాత సుంకం గుమ్మం. ఓడలు సరుకు దింపి సుంకం కట్టిన చోటు. దాని వెనక్కి నాలుగడుగులు వేస్తే ఉప్పు గిడ్డంగులు, వరసగా. వెనిస్ మొదట్లో బలిసింది ఉప్పు మీదే. మా బావ ఆ గిడ్డంగి గోడ తడిమి, “చినగంజాం కొటారు వాసన వస్తోంది బావా” అన్నాడు. గోడల్లో ఉప్పు నిజంగానే ఇంకి ఉంటుంది.

ఉప్పు ఉంది, సుంకం ఉంది. ఇక మా మోటుపల్లి శాసనం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? ఆ గుమ్మం మెట్ల మీద కూర్చుని మా ఆడవాళ్ళకు చెప్పాను, మీకూ చెబుతాను.

మోటుపల్లిలో వీరభద్రస్వామి గుడి ముందు మండపంలో ఒక స్తంభం ఉంది. దాని మీద 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయ శాసనం. హుల్ట్ష్ అనే జర్మన్ పండితుడు దాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చువేశాడు. అందులో ఏముందంటే: దేశదేశాలనుంచి, దీవులనుంచి వచ్చే, పోయే ఓడ వర్తకులకు ఇది అభయం. వెనకటి రాజులు, తుఫానులో చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతాన లాక్కునేవాళ్ళు. మేం అలా చేయం. ప్రాణంకంటే ధనమే ఎక్కువనుకుని సముద్రయానమనే పెద్ద సాహసం చేసినవాళ్ళు వీళ్ళు. అందుకని దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎంత? ఎగుమతికీ దిగుమతికీ ముప్పయ్యింట ఒక వంతు. ఆ తరవాత చందనం, కర్పూరం, ముత్యాలు, పగడం, దంతం, మిరియాలు, పట్టు అంటూ సరుకు సరుకుకీ రేటు చెక్కించాడు. ఆ చేపల బజారు పలకలాగే, బేరం జరిగే చోట, రాతి మీద.

పగిలిన ఓడ సరుకు ఒడ్డు దొరదే అన్న రివాజు ఆ రోజుల్లో యూరప్ తీరాల్లోనూ ఉండేది. తీరం మీద ఓడ పగిలితే పండగ చేసుకున్న ఊళ్ళున్నాయి. అలాంటి కాలంలో ఓరుగల్లులో కూర్చున్న రాజు, ఎక్కడో ఇసుక రేవులో, పేరు తెలియని పరదేశి నావికుడికి మాట ఇచ్చాడు: నీ ఓడ పగిలినా నీ సరుకు నీదే. తరవాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో పన్నులు తగ్గించి వర్తకుల్ని రమ్మని శాసనం వేయించాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఇంటికి సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనా పట్టు వచ్చిన వైభవం ఆ కాలానిదే. వెనిస్ ఐశ్వర్యం నేను చూశాను, కాదనను. కానీ నా లెక్కలో ఒక రేవు గొప్పతనం దాని మేడల్లో లేదు, ఓడ మునిగినవాడితో అది ఎలా మాట్లాడిందన్న దాంట్లో ఉంది. ఆ లెక్కన మోటుపల్లి ఏ రేవుకీ తీసిపోదు.

సాయంత్రం అయిదింటికి తిరిగి ఓడెక్కాం. గుమ్మం దగ్గర ప్రతివాడి కార్డూ యంత్రానికి చూపించాలి. దిగినవాళ్ళంతా ఎక్కారా లేదా లెక్క తేలాలి. భోజనాల సంగతి మామూలే. శాకాహారం అడిగితే పప్పూ అన్నమూ వండి పెట్టారు, మిరియాలు ఎక్కువ వేసి. రాత్రి పదింటికి ఓడ కదిలింది. వెనిస్ దీపాలు నీళ్ళలో వంకరలు పోతూ వెనక్కి జరిగాయి.

మేం పైమేడ మీద కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం. మా గదులు సర్దే కుర్రాడు పని ముగించుకుని వచ్చాడు. మొదటి రోజే మా మాటలు విని, “తెలుగువాళ్ళాండీ!” అని ఆగిపోయినవాడు. సిక్కోలు వైపు, సోంపేట దగ్గర సముద్రపు ఊరు వాడిది. తండ్రి వేటకు పోయేవాడు. ఇతను ఓడల్లో చేరి ఎనిమిదేళ్ళు. ఒక్కో ఒప్పందం ఎనిమిది నెలలు. ఇంకా మూడు నెలలుంది ఇంటికి. కూతురికి నాలుగేళ్ళు, పుట్టినప్పుడు ఓడలో ఉన్నాడు. మా చెల్లి డబ్బాలో మిగిలిన పప్పు మొత్తం వాడి చేతిలో పెట్టింది. వాడు నాలుగు తిని మిగతాది మూత పెట్టి, “కింద ఇంకో ఇద్దరు మనోళ్ళున్నారండి” అన్నాడు.

కరోనా ఏడాది సంగతి అడిగాం. ప్రయాణికులంతా దిగిపోయారు, పనివాళ్ళని ఏ దేశమూ దిగనివ్వలేదు. నాలుగు నెలలు ఒడ్డు కనిపిస్తూనే ఉంది, కాలు పెట్టే వీలు లేదు. రాత్రిళ్ళు రేవు దీపాలు చూస్తూ కూర్చునేవాళ్ళట. 2020లో అలా సముద్రం మీద చిక్కిన నావికులు నాలుగు లక్షల దాకా ఉన్నారని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ లెక్క చెప్పింది. నావికులకు జీతం, తిండి, వైద్యం, ఇంటికి చేరే హక్కు రాసిన ఒప్పందం లోకానికి ఉంది. 2006లో రాశారు, 2013లో అమల్లోకి వచ్చింది, 2015లో మన దేశం ఆమోదం తెలిపింది. అయినా కష్టం వచ్చిన ఏడాది రేవులన్నీ తలుపులేసుకున్నాయి. నేను వాడికి మోటుపల్లి స్తంభం గురించి చెప్పాను. పగలు ఆ సుంకం మెట్ల మీద చెప్పినదానికంటే నిదానంగా, ఒక్కో మాటా. వాడు అంతా విని, “అది మన తెలుగోళ్ళు రాసిందేనాండీ?” అని రెండుసార్లు అడిగాడు. ఫోను తీసి మోటుపల్లి పేరు తెలుగులో రాసుకున్నాడు. ఇంటికెళ్ళేటప్పుడు మోటుపల్లి దాకా వచ్చి చూసి పోతానన్నాడు.

తిరిగొచ్చిన తరవాత ఒక ఆదివారం మేం ముగ్గురం మోటుపల్లి వెళ్ళాం. ఈసారి సైకిళ్ళు లేవు, ఆటో. వీరభద్రుడి గుడి ముందు నిలబడి అక్షరాల మీద వేలు పెట్టకుండా, గాల్లోనే రాస్తూ చదవడానికి ప్రయత్నించాను. పెద్దోడు స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు. అవతల సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది. మేం ఉన్న రెండు గంటల్లో చూడ్డానికని ఇంకెవరూ రాలేదు. పోలో వాకిట్లో మేం నిలబడ్డ పావుగంటలో యాభై మంది వచ్చి ఫొటోలు తీసుకుని పోయారు.

అందుకే అడుగుతున్నాను. ఈ చలికాలంలో మీ పిల్లల్ని తీసుకుని ఒక్కసారి రండి. వేటపాలెంలో రైలు దిగండి. పొద్దున ఒక గంట సారస్వత నికేతనంలో పాత భారతి సంచికలు తిరగేయండి, తరవాత పెద్దోడి ఇంట్లో మగ్గం చూడండి. మధ్యాహ్నం చల్లబడ్డాక మోటుపల్లికి ఆటో నేను మాట్లాడి ఉంచుతాను. స్తంభం మీద ఏముందో పిల్లలకు నేనే చదివి చెబుతాను.